స్థలం చూపించే మనిషి మాట తీరు

రామాయపట్నం నుంచి తడ దాకా మన తీరం పొడవునా పొలాల గట్ల మీద రంగురంగుల జెండాలు కనిపిస్తున్నాయి. నిన్నటి రొయ్యల గుంట పక్కన, మొన్నటి సరుగుడు తోట కొట్టేసిన చోట సిమెంటు రాళ్లు పాతి ప్లాట్లు అంటున్నారు. 2008లో కృష్ణపట్నం ఓడరేవు మొదలైంది. రామాయపట్నం పోర్టుకు 2019 జనవరిలో ఒక ముఖ్యమంత్రి, 2022 జులైలో మరో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. 2024 చివర్లో ఆ దగ్గరలోనే బి.పి.సి.ఎల్. రిఫైనరీ అన్నారు. దగదర్తి విమానాశ్రయం మాట ఏళ్ల తరబడి వింటూనే ఉన్నాం. ఇలా ఒక్కో వార్త వచ్చినప్పుడల్లా ఒక్కో బ్రోచరు అచ్చవుతుంది, ఆ బ్రోచరు పట్టుకుని ఒక మనిషి మన గుమ్మంలోకి వస్తాడు.

ఆ మనిషి గురించే ఈ వారం రాస్తున్నాను. మన సంఘాల్లో స్థలం కొనేవాళ్లు పెద్ద వ్యాపారులు కారు. పదవీ విరమణ డబ్బు చేతికొచ్చిన టీచరమ్మ, పి.ఎఫ్. తీసుకున్న ఆర్టీసీ డ్రైవరు, కువైట్‌లో ఇళ్లలో పనిచేసి పదేళ్లు కూడబెట్టిన ఆడబిడ్డ, పడవ అమ్మి ఒడ్డున ఇల్లు కట్టుకోవాలనుకునే మత్స్యకారుడు. వీళ్లకు ఈ డబ్బు ఒక్కసారే వస్తుంది. పోతే మళ్లీ రాదు.

ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకుంటూ నన్ను అడిగేది ఒకటే. “అయ్యగారూ, ఫలానా అబ్బాయి స్థలం చూపిస్తున్నాడు, తీసుకోమంటారా?” భూమి మంచిచెడ్డలు నాకంటే లాయరు బాగా చెప్తాడు, కాబట్టి నేను తిరిగి ఒక ప్రశ్న వేస్తాను. ఆ అబ్బాయిని మీరెందుకు నమ్ముతున్నారు? పదిమందిలో ఎనిమిది మంది చెప్పే జవాబు ఇది. “చాలా బాగా మాట్లాడతాడండీ.”

మాటను బట్టి మనిషిని అంచనా వేయడంలో తప్పు లేదు. మనకు మొదట దొరికే ఆధారం అదే. అయితే ఆ మాటలో దేన్ని చూస్తున్నామన్నది అసలు సంగతి. మనం తీపి చూస్తున్నాం, ధారాళం చూస్తున్నాం, వరస చూస్తున్నాం. ఈ మూడూ భూమి గురించి మనకేమీ చెప్పవు.

వరసతోనే మొదలుపెడతాను. మొదటిసారి ఫోన్ చేసినప్పుడు “సార్” అంటాడు. రెండోసారికి “అన్నా” అవుతుంది. మనం ఏ మందిరానికి వెళ్తామో తెలిశాక “ప్రైజ్ ద లార్డ్ బ్రదర్” అవుతుంది. ఇంట్లో పెద్దావిడ ఉంటే “అమ్మా, నేనూ మీ బిడ్డలాంటోణ్ణే.” మర్యాద మన పద్ధతే, దాన్ని అనుమానించమని నేను చెప్పను. కానీ వరస కలిశాక మనం అడగాల్సిన ప్రశ్నలు అడగలేకపోతాం. బిడ్డలాంటి వాణ్ణి లింకు డాక్యుమెంట్లు చూపించమని ఎలా అడుగుతాం? సహోదరుణ్ణి కమిషన్ ఎంతని ఎలా అడుగుతాం? అడగలేని స్థితికి మనల్ని తెచ్చే వరస ఎంత తియ్యగా ఉన్నా మనకు నష్టమే. నిజంగా బిడ్డలాంటి వాడైతే అడగకముందే కాగితాలు బల్ల మీద పెడతాడు.

తెలిసినవాడు కదా, మోసం చేయడు అనేది ఇంకో ధీమా. అగ్రిగోల్డ్ సంగతి మన తెలుగు ఇళ్లు మరిచిపోలేదు. భూమో, లేదంటే పెరిగిన డబ్బో ఇస్తామని ఊరూరా కట్టించుకున్న ఆ సంస్థ 2014-15 నాటికి చేతులెత్తేసింది. డబ్బు కట్టినవాళ్లు సుమారు 32 లక్షల మంది, వాళ్లకు రావాల్సింది ఆరు వేల కోట్ల రూపాయలకు పైమాట. ఇంటింటికీ తిరిగి కట్టించింది ఎక్కడి నుంచో వచ్చిన కొత్తవాళ్లు కాదు. పక్కింటివాళ్లు, బంధువులు, బడి స్నేహితులు. వాళ్లలో చాలామంది మోసగాళ్లు కూడా కారు, తమ డబ్బు, తోడబుట్టినవాళ్ల డబ్బు ముందే కట్టినవాళ్లు. తాము నమ్మిందే చెప్పారు. అందుకే వాళ్ల గొంతులో అంత నిజాయితీ వినిపించింది. ఏజెంటు మనస్ఫూర్తిగా మాట్లాడుతున్నాడా అని చూసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. మనస్ఫూర్తిగా మాట్లాడే మనిషి కూడా తప్పు చెప్పగలడు. ఆయనకు ఎవరు చెప్పారు, ఆయన ఏం చూసి నమ్మాడు అన్నదాకా మనం వెళ్లాలి.

మర్యాద మాటల మధ్య ధర ఎలా జారిపోతుందో చూడాలంటే ఆదికాండము 23వ అధ్యాయం తెరవండి. శారా చనిపోయింది. పాతిపెట్టడానికి అబ్రాహాముకు స్థలం కావాలి. హిత్తీయుడైన ఎఫ్రోను ఊరి గవినిలో పదిమంది ముందు ఎంతో ఉదారంగా మాట్లాడతాడు. పొలమూ ఇస్తాను, గుహా ఇస్తాను, ఊరికే తీసుకో అన్నట్టు మొదలుపెడతాడు. అబ్రాహాము వెల ఇస్తానని పట్టుబట్టినప్పుడు, మన మధ్య అదెంత అన్న ధోరణిలో 400 తులాల వెండి అని మెల్లగా జారవిడుస్తాడు. ఆ వెల ఎక్కువేనని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. ఇక్కడ అబ్రాహాము పద్ధతి చూడండి. ఆయన మర్యాదకు మర్యాద ఇచ్చాడు, రెండుసార్లు వంగి నమస్కరించాడు. కానీ ఉచితం అన్న మాట పట్టుకోలేదు. వర్తకుల తూకం ప్రకారం, సాక్షులు వింటుండగా వెండి తూచి ఇచ్చాడు. పొలం, అందులోని గుహ, పొలిమేర లోపల ఉన్న చెట్లతో సహా ఏమేం తనకు దక్కాయో ఆ వృత్తాంతంలో విడివిడిగా ఉంది. తీపి మాట విన్నాక ఎలా ప్రవర్తించాలో ఇంతకంటే మంచి నమూనా నాకు తెలియదు. ఎఫ్రోనుతో ఆయన గొడవ పడలేదు, అనుమానం చూపించలేదు. మాటను మాటగా ఉంచి, తూకాన్ని తూకంగా చేయించాడు.

ఇక మన ఏజెంటు దగ్గరికి వద్దాం. ఆయన మాట్లాడేటప్పుడు వాక్యం చివర క్రియ మీద చెవి పెట్టండి. మన భాష దీనికి బాగా సాయపడుతుంది. “రోడ్డు ఉంది” అన్నాడా, “రోడ్డు వస్తుంది” అన్నాడా, “రోడ్డు వస్తుందంట” అన్నాడా? ఈ మూడింటికీ మూడు ధరలు. ఉంది అన్నదాన్ని వెళ్లి కళ్లతో చూడవచ్చు. వస్తుంది అన్నదానికి ఎవరి ఉత్తర్వు, ఏ తేదీది అని అడగవచ్చు. అంట అన్నదానికి మనం రూపాయి కూడా కట్టనక్కరలేదు. అరగంట మాట్లాడితే అందులో ఉంది ఎన్నిసార్లు వచ్చింది, వస్తుంది ఎన్నిసార్లు వచ్చింది అని ఇంటికెళ్లి లెక్కేసుకోండి. పోర్టు వస్తాది, ఎయిర్‌పోర్టు వస్తాది, ఆరు వరసల దారి వస్తాది, రేటు మూడింతలు అవుతాది. ఇన్ని వస్తాదిల మధ్య ఆ ప్లాటుకు ఈ రోజు మంచినీళ్లు ఉన్నాయా అన్నది ఎవరూ చెప్పరు. తీరం పక్కన బోరు వేస్తే ఉప్పునీళ్లు పడే ఊళ్లు మనకు ఎన్ని లేవు!

అలాంటిదే ‘అప్రూవల్’ అన్న మాట. “నుడా అప్రూవ్డ్” అంటే నెల్లూరు నగరాభివృద్ధి సంస్థ ఆ లేఅవుటుకు అనుమతి ఇచ్చినట్టు. “నుడాకి పెట్టాం” అంటే దరఖాస్తు చేసినట్టు, అంతే. “నుడా నామ్స్ ప్రకారమే వేశాం” అంటే దరఖాస్తు కూడా చేయలేదేమో. వినేటప్పుడు మూడూ ఒకేలా చెవిలో పడతాయి. అనుమతి ఉంటే దానికి ఒక నంబరు ఉంటుంది. నంబరు అడిగితే ఆయన ముఖం ఎలా మారుతుందో చూడక్కరలేదు, నంబరు వచ్చిందా లేదా చూస్తే చాలు.

కొలతల దగ్గర మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. మనం స్థలాన్ని అంకణాల్లో చెప్పుకుంటాం. అంకణం అంటే కొన్నిచోట్ల 72 చదరపు అడుగులు, మరికొన్ని చోట్ల 36 చదరపు అడుగులు. అంటే 8 గజాలో, 4 గజాలో. అంకణం రేటు ఇంత అని చెప్పి ఊరుకుంటే సగానికి సగం తేడా రావచ్చు. మంచి ఏజెంటు అడగకుండానే “మా దగ్గర అంకణం అంటే ఇన్ని గజాలండీ” అని చెప్తాడు. దూరం కూడా అంతే. “హైవేకి పది నిమిషాలే” అంటాడు. ఎవరి కారులో, ఏ వేళలో? కిలోమీటర్లలో చెప్పమనండి. నిమిషాలను కిలోమీటర్లుగా మార్చి చెప్పడానికి ఇబ్బంది పడే మనిషి మిగతా విషయాల్లోనూ అలాగే ఉంటాడని నా అభిప్రాయం.

ఏజెంటు మాటను పరీక్షించడానికి నాకు తెలిసిన మంచి మార్గం, నిజం చెప్తే ఆయనకు నష్టం కలిగే ప్రశ్న ఒకటి అడగడం. ఉదాహరణకు ఇది అడగండి. “2021 నవంబరులో వరద వచ్చింది కదా, అప్పుడు ఇక్కడ నీళ్లు ఎంతదాకా వచ్చాయి?” ఆ నెలలో పెన్నా పొంగి ఊళ్లను ఎలా ముంచిందో మన జిల్లాలో చూడనివాళ్లు లేరు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను పెద్దవాళ్లకు ఇంకా గుర్తుంది. ఈ ప్రశ్నకు జవాబులు రకరకాలుగా వస్తాయి. “ఇక్కడ చుక్క నీరు నిలవదు సార్” అని వెంటనే వచ్చే జవాబు ఒకటి. “అవన్నీ ఎందుకు సార్, రేటు చూడండి, వచ్చే నెల పెరిగిపోతాది” అని పక్కకు తిప్పేది ఇంకొకటి. “మోకాళ్లదాకా వచ్చాయండీ, రెండు రోజులు ఉన్నాయి, మీరు కడితే మూడడుగులు మట్టి తోలుకోవాలి, ఆ ఖర్చు లెక్కలో వేసుకోండి” అనేది వేరొకటి. ఇలా చెప్పిన మనిషి దగ్గర స్థలం నచ్చకపోయినా ఫోన్ నంబరు దాచుకోండి. మొదటి జవాబు చెప్పినవాడు అబద్ధం చెప్పాడని అనలేం. నిజంగానే అది మెరక అయి ఉండవచ్చు. కాలవ గట్టున పశువులు మేపుకునే వాణ్ణి అడిగితే సంగతి తేలిపోతుంది.

“తెలియదు” అన్న మాట మన దగ్గర చులకన. ఏజెంటు తెలియదంటే పనికిరానివాడు అనుకుంటాం. అందుకే వాళ్లు ఆ మాట అనడానికి భయపడతారు. కానీ మన తీరం భూముల్లో నిజాయితీగా తెలియదు అనాల్సిన సంగతులు చాలా ఉన్నాయి. చుక్కల భూములనే తీసుకోండి. బ్రిటిష్ కాలపు రీసెటిల్‌మెంట్ రిజిస్టర్లలో హక్కుదారు పేరు రాయాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేసిన భూములవి. తరాలుగా సాగు చేసుకుంటున్నా అమ్ముకోవడానికి వీల్లేక జనం ఎన్నో ఏళ్లు తిరిగారు. 2023 మేలో ఆ భూములకు హక్కులిచ్చే కార్యక్రమాన్ని ముఖ్యమంత్రి పెట్టింది మన కావలిలోనే. అలాగే ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూములు. వాటి బదలాయింపును నిషేధిస్తూ 1977లోనే చట్టం వచ్చింది, ఆ తర్వాత సవరణలూ జరిగాయి. ఏ సర్వే నంబరు ఇప్పుడు 22-ఎ నిషేధిత జాబితాలో ఉంది, ఏది బయటికొచ్చింది అన్నది కాగితం చూడకుండా ఎవరూ చెప్పలేరు. సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్ల వరకు తీరప్రాంత నియంత్రణ నిబంధనలు ఉంటాయి. అలల చప్పుడు వినిపించే ప్లాటు అని మురిపించే ముందు ఆ గీత ఎక్కడుందో చెప్పాలి.

ఈ ప్రశ్నలకు నిలబడ్డ చోటే “అంతా క్లియర్ సార్, నాదీ గ్యారంటీ” అని చెప్పే మనిషి కంటే, “ఈ సర్వే నంబరు సంగతి నాకు తెలియదండీ, రేపు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కనుక్కుని చెప్తాను” అనే మనిషి మేలు. అయితే ఆ రేపు వచ్చిందా అన్నది చూడాలి. చెప్పిన రోజుకు ఫోన్ చేశాడా? చెడు కబురు అయినా చేశాడా? నేను గమనించినంతలో, కబురు మంచిదైతే ఏజెంట్లందరూ త్వరగానే ఫోన్ చేస్తారు. చెడ్డదైనప్పుడు ఎవరు చేస్తారన్నదే తేడా.

ఆయన ఎవరితో మాట్లాడుతున్నాడన్నది కూడా కనిపెట్టండి. భార్యాభర్తలు ఇద్దరూ వెళ్తారు. ప్రశ్న అడిగింది ఆమె, జవాబు మాత్రం ఆయన వైపు తిరిగి చెప్తాడు. ఇది చాలాసార్లు జరుగుతుంది. డబ్బు ఆమెది, కువైట్ ఎండలో సంపాదించింది ఆమె, అయినా ఏజెంటుకు యజమాని పక్కన నిలబడ్డ మగవాడే. చదువురాని తల్లికి ఆయన ఎలా చెప్తున్నాడో చూస్తే ఆయన స్వభావం తెలుస్తుంది. ఓపిగ్గా హద్దులు చూపించి, తూర్పు ఇది, పడమర ఇది అని నడిపించి చెప్తున్నాడా, లేక “నీకెందుకులే అవ్వా, మీ అబ్బాయికి చెప్తాలే” అంటున్నాడా? దూరదేశంలో ఉన్నవాళ్లకైతే ఫోటోలు, బ్యానర్ల వీడియోలు పంపిస్తారు, వాటికి పాటలు కూడా పెడతారు. వాటికి బదులు వీడియో కాల్ చేయమనండి. పెద్ద రోడ్డు మీద మొదలుపెట్టి ప్లాటు రాయి దాకా ఫోన్ ఆపకుండా నడవమనండి. దారిలో ఏముందో మొత్తం కనిపిస్తుంది. “నెట్ సరిగ్గా లేదు మేడం” అని మూడుసార్లు అన్నాడంటే, మన ఊళ్లోనే ఉన్న అన్నో తమ్ముడో వెళ్లి నడవాలి.

తొందరపెట్టే మాట గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, అందరికీ తెలిసిందే. “ఈ సాయంత్రం లోపల టోకెన్ వేయకపోతే వేరే పార్టీ రెడీగా ఉంది.” ఉండనివ్వండి. ఒక్క సంగతి మాత్రం తెలిసి ఉండాలి. 2016లో వచ్చిన స్థిరాస్తి చట్టం, అదే మనం రెరా అంటున్నది, దాని ప్రకారం ప్రాజెక్టు వేసినవాడు విక్రయ ఒప్పందం రాసి రిజిస్టరు చేయించకుండా మొత్తం వెలలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుటు రెరాలో నమోదు కాకముందు ప్రకటన ఇవ్వడం, బుకింగ్ తీసుకోవడం కూడా కుదరదు. కాబట్టి “ప్రీ లాంచ్ ఆఫర్, ఇప్పుడైతే సగం రేటు” అని ఎవరైనా ఉత్సాహంగా చెప్తున్నారంటే, చాలా సందర్భాల్లో చట్టం వద్దన్న పనికి మనల్ని పిలుస్తున్నారన్నమాట.

ఈ చట్టంలోనే మన విషయానికి నేరుగా తగిలే భాగం ఇంకొకటి ఉంది. ఏజెంట్లకు సంబంధించిన 10వ సెక్షన్. నమోదు కాని ప్రాజెక్టులో ప్లాటు అమ్మించకూడదని అది చెప్తుంది. తనకు గానీ ప్రాజెక్టు వేసినవాడికి గానీ లేని అనుమతి ఉన్నట్టు చెప్పడం అక్రమ వ్యాపార పద్ధతి అంటుంది. రాతలోనే కాదు, నోటిమాటగా చెప్పినా సరే. బుకింగ్ వేళ కొనేవాడికి రావాల్సిన సమాచారం, కాగితాలు అందేలా చూడటం ఏజెంటు బాధ్యత అంటుంది. ఈ నియమాలు తప్పిన ఏజెంటుకు రోజుకు 10 వేల రూపాయల చొప్పున, ఆ ఆస్తి వెలలో 5 శాతం దాకా జరిమానా పడవచ్చు. ఏజెంటుకు రెరా నమోదు సంఖ్య ఉండాలి, తాను కుదిర్చిన ప్రతి అమ్మకంలో ఆ సంఖ్య వేయాలి. ఇదంతా రెరాలో నమోదు కావాల్సిన ప్రాజెక్టుల సంగతి. కోట మండలంలో ఒక రైతు తన అరెకరం అమ్ముతుంటే మధ్యలో నిలబడే ఊరి పెద్దమనిషికి ఈ వల తగలదు. అక్కడ మన చెవులే మనకు రక్ష.

నోటిమాట కూడా చట్టం కిందికి వస్తుందన్నాను. కానీ నోటిమాటకు రుజువేది? అందుకే ఒక చిన్న పద్ధతి చెప్తాను, ఇది మా సంఘంలో కొందరు పాటిస్తున్నదే. స్థలం చూసి వచ్చిన రాత్రి ఏజెంటుకు వాట్సాప్‌లో ఇలా ఒక సందేశం పెట్టండి. “అన్నా, ఈ రోజు మీరు చెప్పినవి రాసుకున్నాను. ప్లాటు 200 గజాలు. రోడ్డు 40 అడుగులు, పంచాయతీకి అప్పగించేశారు. లేఅవుటు అనుమతి వచ్చింది, నంబరు పంపిస్తానన్నారు. ఇ.సి.లో ఏ అప్పూ లేదు. మీ కమిషన్ ఒక శాతం, నా వైపు నుంచి మాత్రమే. ఇందులో ఏదైనా నేను తప్పుగా విన్నానా?” ఇందులో కోపం లేదు, అనుమానం లేదు. జవాబు మాత్రం చాలా చెప్తుంది. నిలకడ గలవాడు “రోడ్డు 33 అడుగులు సార్, 40 అనలేదు, మిగతావి కరెక్టే” అని సరిదిద్దుతాడు. ఇంకొకడు ఒక బొటనవేలు బొమ్మ పెడతాడు. మరొకడు నీలం టిక్కులు పడినా జవాబివ్వకుండా, మర్నాడు ఫోన్ చేసి, “ఇవన్నీ రాతలో ఎందుకు సార్, మన మధ్య నమ్మకం లేదా?” అంటాడు. ఆ చివరి వాక్యం వినిపించినప్పుడు మీరు వేరే ఏజెంటును వెతుక్కోవచ్చు. వంద రూపాయలు దాటిన స్థిరాస్తి అమ్మకానికి మన దేశంలో రిజిస్టరైన దస్తావేజు తప్పనిసరి. రాతతోనే ముగియాల్సిన వ్యవహారంలో రాతంటే చిరాకు పడే మధ్యవర్తి మనకెందుకు?

కమిషన్ మాట పైన వచ్చింది కాబట్టి అది కూడా చెప్పేస్తాను. “మీకు ఎవరు ఎంత ఇస్తున్నారు?” అని అడగడం అమర్యాద కాదు. ఒక శాతమో రెండు శాతమో బాహాటంగా తీసుకునేవాడు కష్టపడి తెచ్చుకున్న కూలి అది. ఇబ్బందల్లా “నాకేమీ వద్దు సార్, మీకోసమే చేస్తున్నా” అనేవాడితో. పెట్రోలు పోసుకుని నాలుగు ఆదివారాలు తిప్పినవాడికి ఏమీ వద్దంటే, యజమానికి నికరంగా ఇంత అని ఒప్పుకుని, పైన వచ్చేది తానుంచుకుంటున్నాడేమో అడగాలి. ఆ పద్ధతిలో మనం ఎంత ఎక్కువిస్తే ఆయనకు అంత లాభం. మన తరఫున బేరం ఆడుతున్నట్టు కనిపిస్తూ మనకు ఎదురుగా కూర్చున్నట్టు అవుతుంది.

ఒక న్యాయం కూడా చెప్పాలి. ఈ వృత్తిలో మన సంఘాల పిల్లలే ఎంతోమంది ఉన్నారు. డిగ్రీ చదివి ఉద్యోగం దొరకక, బైకు మీద ఎండలో తిరిగి నెలకో అమ్మకం కూడా కాక తిప్పలు పడుతున్నవాళ్లు. వాళ్లలో మాట తడబడేవాళ్లు ఉన్నారు. ఇంగ్లిషు పదాలు రావు, బ్రోచరు ఉండదు, అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకుంటారు. మనం వాళ్లను దాటి తెల్లచొక్కా వేసుకుని ఏసీ కారులో సైట్ విజిట్‌కు తీసుకెళ్లే వాడి వైపు వెళ్తాం. కారు, భోజనం, శాలువా అన్నీ ప్లాటు ధరలో ఉన్నాయని గుర్తుండదు. మోషే కూడా తనకు నోటి మాంద్యం ఉందని చెప్పుకున్నవాడే. తడబడే కుర్రవాడు తెచ్చిన కాగితాలు సరిగ్గా ఉన్నాయా అని ఒకసారి చూడండి.

చివరగా, మన మందిరాల సంగతి. కొన్ని వెంచర్లవాళ్లు సంఘ పెద్దలను, కాపరులను కలిసి, “మీ విశ్వాసులకు చెప్పండి అయ్యగారూ, ప్లాటుకు ఇంత మీకు, మందిరానికి ఒక ప్లాటు కానుక” అంటున్నారు. కొన్నిచోట్ల ఆరాధన ముగింపు ప్రకటనల్లో ఉపవాస కూడిక తర్వాత వెంచరు వివరాలు వినిపిస్తున్నాయి. పులిపీఠం మీది నుంచి వచ్చిన మాటను విశ్వాసి ఎన్నడూ తూచి చూడడు. పైన నేను చెప్పిన ఏ ప్రశ్నా అడగడు. ఇక్కడ చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోవాలి. కొనేవాణ్ణి, అమ్మేవాణ్ణి పరిచయం చేసి అందుకు ప్రతిఫలం తీసుకునేవాడు ఏ పేరుతో పిలిపించుకున్నా రెరా దృష్టిలో ఏజెంటే. అందులో కాపరికి, పెద్దకు మినహాయింపు రాసి లేదు. నమోదు సంఖ్య లేకుండా ప్లాటుకు ఇంత అని తీసుకుంటే, మోసపోయిన విశ్వాసి రెరాకు ఇచ్చే ఫిర్యాదులో ఆ కాపరి పేరు కూడా రాయవచ్చు.

మందిరానికి స్థలం కొనే కమిటీలైతే ఏజెంటును ఒక్క పెద్దతో ఒంటరిగా మాట్లాడనివ్వకండి. కమిటీ అంతా కూర్చున్న రోజే పిలవండి, స్త్రీల సమాజం నుంచి ఇద్దరిని కూర్చోబెట్టండి. ఆయన చెప్పినవి కార్యదర్శి మినిట్స్ పుస్తకంలో రాసి, అక్కడే చదివి వినిపించి, కింద ఆయన సంతకం అడగండి. యిర్మీయా అనాతోతు పొలం కొన్నప్పుడు సాక్షుల చేత సంతకాలు చేయించి, ముద్రవేసిన ప్రతి ఒకటి, తెరిచి ఉంచిన ప్రతి ఒకటి రెండూ మట్టికుండలో పెట్టించాడు. మన కార్యదర్శికి కుండ అక్కరలేదు, ఇనుప బీరువా చాలు. సంతకానికి ఏజెంటు కలం తీసుకుంటే తర్వాతి వారం లాయరు దగ్గరికి కాగితాలు పంపండి.